పెద్దలు జారిపడని స్నానాల గది

మోకాళ్ల నొప్పులకు ఏ తైలం మర్దించాలో, రాత్రి నిద్ర పట్టనివారికి ఏమి ఇవ్వాలో మన ఇళ్లలో చాలామందికి తెలుసు. కాని తైలం రాసుకున్న ఆ పాదాలు ఎటువంటి నేలమీద అడుగు పెడుతున్నాయో ఆలోచించేవారు తక్కువ. నేనూ ఆలోచించలేదు. దాని ఫలితం మా అమ్మ అనుభవించవలసి వచ్చింది. ఇంటిలో వృద్ధులైన తల్లిదండ్రులున్న పాఠకులకు మా అనుభవం ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నాన్నగారు కాలం చేసిన తరువాత అమ్మ తెనాలి దగ్గరి పల్లెనుంచి విజయవాడలోని మా ఫ్లాటుకు వచ్చింది. 2022వ సంవత్సరం శ్రావణమాసంలో ఒక శుక్రవారం. అప్పటికి అమ్మకు 76 సంవత్సరాలు. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు నేనే గోరువెచ్చని నువ్వుల నూనెను ఆమె మాడుకు, మోకాళ్లకు, అరికాళ్లకు మర్దించాను. పావుగంట గడవకముందే అమ్మ లేచింది. “ప్రొద్దుపోతోందే. నేను స్నానం చేసి మడి కట్టుకుంటే పూర్ణాల పని మొదలుపెట్టవచ్చు” అన్నది. కుంకుడు రసం గిన్నె చేతికిచ్చి, “జాగ్రత్తమ్మా” అని కూడా అన్నాను.

కొద్దిసేపటికి ఏదో విరిగిపడిన చప్పుడు వినిపించింది. పరుగెత్తి వెళ్లి తలుపు నెట్టాను. లోపల గడియ వేసి ఉన్నది. అమ్మ మూలుగు వినబడుతున్నది గాని తలుపు రాదు. ఆమె నేలమీద జరుగుతూ వచ్చి, ఎడమచేతితో గడియ తీసేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు నేను బయట నిలబడి ఉన్నాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను.

జారుతున్నప్పుడు అమ్మ తువ్వాలు వేసుకునే కడ్డీని పట్టుకున్నది. అది మేకులతో సహా ఊడి చేతికి వచ్చింది. ఎక్స్‌రేలో మణికట్టు దగ్గర ఎముక విరిగినట్లు తేలింది. “తుంటి ఎముకకు దెబ్బ తగలలేదు. అంతవరకు అదృష్టవంతులు” అన్నారు వైద్యుడు. ఆరు వారాలు పిండికట్టు ఉంచారు.

దెబ్బకంటె పెద్ద నష్టం

ఎముక సక్రమంగానే అతుక్కున్నది. కాని అసలు నష్టం వేరొకచోట మొదలైంది. అమ్మ రాత్రి భోజనంలో మజ్జిగ మానేసింది. మంచం ప్రక్కన పెట్టిన మంచినీళ్ల చెంబు తెల్లవారేసరికి నిండుగానే ఉండేది. “రోజూ స్నానమెందుకే, ఒళ్లు తుడుచుకుంటే చాలు” అనడం ప్రారంభించింది. రోజూ తెల్లవారకముందే స్నానం ముగించే మనిషి నోట ఆ మాట వినడం నాకు కొత్త. అయినా వయస్సు వల్ల వచ్చిన బద్ధకమనుకున్నాను.

మూడు వారాలు గడిచేసరికి నాలుక ఎండిపోయి, మూత్రం మంటగా వచ్చి, లేచి కూర్చోలేనంత నీరసపడింది. ఒంట్లో నీరు తగ్గిందని, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ చేరిందని వైద్యుడు చెప్పారు. ఆ రాత్రి ఆసుపత్రిలో అమ్మ మెల్లగా అన్నది: “నీళ్లు తాగితే రాత్రి లేవాలి. ఆ గదిలోకి వెళ్లాలంటే భయమేస్తోందే. నిన్ను లేపాలంటే సిగ్గుగా ఉంది.”

మూత్రం మొదలైన సహజ వేగాలను బలవంతంగా ఆపుకోవడం రోగాలకు మూలమని మన ఆయుర్వేదాచార్యులు హెచ్చరించారు. చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం, అష్టాంగహృదయ సూత్రస్థానంలో నాలుగవ అధ్యాయం ఈ విషయాన్ని విస్తారంగా చర్చించాయి. ఈ మాట ఎన్నోసార్లు చదివి కూడా, మా ఇంటి స్నానాల గదే మా అమ్మచేత ఆ తప్పు చేయిస్తున్నదని గ్రహించలేకపోయాను. జారిపడకుండా చూడటం ఒక్కటే మన పని కాదు. పెద్దవారు భయం లేకుండా, ఎవరినీ పిలువనవసరం లేకుండా వెళ్లిరాగలిగినప్పుడే ఆ గది క్షేమమైనదని చెప్పాలి.

ఎందుకు పడతారు?

వయస్సుకు, పగటికి, రాత్రికి, ఆహారం జీర్ణమయ్యే కాలానికి చివరి భాగంలో వాతం ప్రబలంగా ఉంటుందని వాగ్భటుడు చెప్పాడు. వార్ధక్యం, రాత్రి చివరిజాము రెండూ కలిసే సమయం తెల్లవారుజాము. మన పెద్దలు పడకనుంచి లేచి దొడ్డికి వెళ్లేదీ, కొందరు స్నానం చేసేదీ అప్పుడే.

ఆధునిక వైద్యం దీనిని మరొక విధంగా వివరిస్తుంది. పడుకున్న మనిషి నిలబడినప్పుడు రక్తం కాళ్లలోకి దిగుతుంది. యౌవనంలో శరీరం వెంటనే సర్దుకుంటుంది. వృద్ధాప్యంలో ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది. లేచి నిలబడిన 3 నిమిషాలలోపు పై రక్తపోటు 20 గాని, క్రింది రక్తపోటు 10 గాని అంతకుమించి గాని పడిపోతే దానిని వైద్యులు ఒక లోపంగానే పరిగణిస్తారు. కళ్లు చీకట్లు కమ్మడం, తూలడం దాని లక్షణాలు. రక్తపోటు మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారిలో ఇది అధికం. వేడినీటి స్నానంలో రక్తనాళాలు వ్యాకోచించడం వల్ల కూడా రక్తపోటు తగ్గుతుంది. భోజనానంతరం స్నానం కూడదని అష్టాంగహృదయం నిషేధించింది. భోజనం తరువాత వృద్ధులలో రక్తపోటు తగ్గే అవకాశమున్నదని నేటి వైద్యులు చెప్పే మాట కూడా ఆ నిషేధాన్నే బలపరుస్తున్నది.

దీనికి తోడు కంటిలో శుక్లం, మధుమేహం వల్ల పాదాలలో తగ్గిన స్పర్శ, సడలిన తొడకండరాలు. ఇన్ని ఉన్నవారిని తడిసిన నున్నని నేలమీద నిలబెట్టి “జాగ్రత్త” అంటే సరిపోతుందా? కాలుజారి, తూలి పడటాల వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. వారిలో అరవై దాటినవారే ఎక్కువ.

గోడ చెప్పిన సంగతి

ఆసుపత్రినుంచి వచ్చిన మరునాడు నేను స్నానాల గదిని మొదటిసారిగా శ్రద్ధతో పరిశీలించాను. తెల్లని గోడపలకల మీద మూడుచోట్ల మసకగా జిడ్డు మరకలున్నాయి. ఒకటి తలుపు ప్రక్కన, ఒకటి కొళాయి పైన, మరొకటి కమోడు కుడివైపున. పనిమనిషి సరిగా కడగలేదనుకుని తుడవబోయాను. దగ్గరగా చూస్తే అవి వేళ్లు, అరచెయ్యి అచ్చులు. నూనె చేతులతో అమ్మ ప్రతివారం ఆ మూడుచోట్ల గోడను ఆనుకుని నిలబడుతున్నదన్నమాట.

అడిగితే అప్పుడు చెప్పింది. అంతకుముందు రెండుసార్లు జారిందట. “పడలేదు కదా, నీతో చెప్పడమెందుకని ఊరుకున్నాను. చెబితే తలుపు తీసి ఉంచి స్నానం చేయమంటావు” అన్నది. పెద్దవారు ఇటువంటివి దాచిపెట్టేది మొండితనంతో కాదు. ఉన్న కాస్త స్వేచ్ఛ కూడా పోతుందన్న దిగులుతో. అందుచేత ఏ మార్పైనా వారితో మాట్లాడి, వారిచేతనే చెప్పించి చేయాలి.

తాపీమేస్త్రీ వచ్చి తన అలవాటు ప్రకారం కొలతలు తీసుకోబోయాడు. నేను అతనిని ఆపి, అమ్మ చేతికి సుద్దముక్క ఇచ్చాను. నేల పొడిగా ఉన్నప్పుడు, నేను ప్రక్కన నిలబడి ఉండగా, ఆమె లోపలికి వచ్చి, కూర్చుని, లేచి, కొళాయి తిప్పి, బయటికి వెళ్లింది. చేయి ఎక్కడ ఆసరా వెదికితే అక్కడ గీత గీసింది. ఆ గీతలు దాదాపు ఆ జిడ్డు మరకల దగ్గరే పడ్డాయి. మేస్త్రీ బిగించదలచుకున్న ఎత్తు వాటికి జానెడు పైన ఉన్నది. “అమ్మగారూ, ఇది మంచి పద్ధతే” అని అతనే అన్నాడు.

పట్టుకోవడానికి గట్టి ఆసరా

దుకాణాలలో గ్రాబ్‌బార్ అని అమ్మే స్టీలు కడ్డీలు ఇందుకు తగినవి. తువ్వాలు కడ్డీ, కొళాయి, గీజరు గొట్టం మనిషి బరువును మోయడానికి చేసినవి కావు. కడ్డీ లావు పిడికిలిలో ఇమిడేటట్లు, సుమారు ఒకటిన్నర అంగుళం ఉండాలి. గోడకు, కడ్డీకి మధ్య ఒకటిన్నరనుంచి రెండు అంగుళాల ఎడం ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువైతే చేయి జారి సందులో ఇరుక్కుంటుంది. నున్నగా మెరిసేదానికంటె గరుకుగా ఉన్న కడ్డీ మేలు.

బోల్టులు పలకను, పూతను దాటి ఇటుకలోకి దిగి బిగియాలి. పలకలోనే ఆగిపోతే తువ్వాలు కడ్డీకి పట్టిన గతే దీనికీ పడుతుంది. బిగించిన తరువాత ఇంటిలో బరువైన మనిషి గట్టిగా లాగి పరీక్షించాలి. రబ్బరు కప్పులతో గోడకు అంటుకునే పట్టులను నమ్మవద్దు. తేమకు అవి ఎప్పుడు ఊడతాయో చెప్పలేము.

మేము తలుపు ప్రక్కన నిలువుగా ఒకటి, స్నానం చేసేచోట అడ్డంగా ఒకటి, కమోడు ప్రక్కన ఒకటి పెట్టించాము. పక్షవాతం వంటివి వచ్చి ఒకవైపు బలం తగ్గినవారికి, బలమున్న చేతివైపు పెట్టించాలి.

నేల

మా పల్లెలో స్నానం చేసేచోట గరుకైన నాపరాళ్లు పరిచి ఉండేవి. తడిసినా పాదం పట్టు తప్పేది కాదు. నేటి ఇళ్లలో అందం కోసం వేసే నున్నటి పలకలు తడిస్తే అద్దంలా అవుతాయి. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు యాంటీ స్కిడ్ పలకలను ఎన్నుకోవాలి. ఆ పేరు చూసి తృప్తిపడక, దుకాణంలోనే ఒక పలకమీద నీళ్లు పోయించి, చెప్పు విడిచి, అరికాలితో రుద్ది చూడండి. చిన్న పలకలు వేస్తే మధ్య గాట్లు ఎక్కువై పట్టు పెరుగుతుంది. నీరు నిలవకుండా తూమువైపు వాలు ఉండాలి.

పాత నేలను పగులగొట్టించలేనివారు, అడుగున చూషక పట్టులున్న రబ్బరు చాపను పరచవచ్చు. నీరు క్రిందికి దిగే రంధ్రాలున్న చాప కావాలి. దానిని రోజూ ఎత్తి, కడిగి, ఆరబెట్టాలి. లేకపోతే అడుగున పాచి పెరిగి చాపే జారుతుంది. గుమ్మం బయట కాళ్లు తుడుచుకోవడానికి మడతపెట్టి వేసే పాత చీరలు, గోనెపట్టాలు చాలా ప్రమాదకరమైనవి. అడుగున రబ్బరు ఉన్న పట్టాను మాత్రమే వేయండి. అరిగిపోయిన హవాయి చెప్పులను ఈ రోజే తీసి పారవేయండి.

చాలా ఫ్లాట్లలో స్నానాల గది నేల రెండు మూడు అంగుళాలు క్రిందికి ఉంటుంది, లేదా గుమ్మం దగ్గర చిన్న గట్టు ఉంటుంది. చూపు తగ్గినవారికి అది కనిపించదు. తెల్ల పలకలకు ముదురు రంగు పట్టీ, ముదురు పలకలకు పసుపు పట్టీ అంటించి ఆ అంచు కనబడేటట్లు చేయండి.

కూర్చుని స్నానం

పెద్దవారు నిలబడి స్నానం చేయకూడదు. అలాగని మన పాతకాలపు పొట్టి పీట కూడా పనికిరాదు. దానిమీద కూర్చోవడం తేలికే గాని లేవడం కష్టం. నాలుగు కాళ్లకు రబ్బరు తొడుగులున్న, వీపు ఆనుకునే వీలున్న గట్టి స్టూలు తీసుకోండి. కూర్చున్నప్పుడు రెండు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి.

బకెట్టు నేలమీద ఉంటే ప్రతి చెంబుకూ వంగాలి. వంగి, తల ఎత్తినప్పుడు కళ్లు తిరుగుతాయి. బకెట్టును మోకాలి ఎత్తున చిన్న బల్లమీద గాని సిమెంటు దిమ్మెమీద గాని పెట్టండి. వీలైతే చేతిలో పట్టుకుని పోసుకునే షవరు అమర్చండి. సబ్బు, సున్నిపిండి, తువ్వాలు కూర్చున్నచోటునుంచే అందాలి.

నేలమీది పాయిఖానాలో గొంతుకూర్చుని లేవలేనివారికి కమోడు ఉత్తమం. దాని ఎత్తు సాధారణంగా 17నుంచి 19 అంగుళాలు బాగుంటుంది. మనిషి పొట్టి అయితే అంత ఎత్తున పాదాలు గాలిలో వ్రేలాడతాయి. అది కూడా ప్రమాదమే. కనుక వారిని కూర్చోబెట్టి చూసి నిర్ణయించండి. పాయిఖానా మార్చే వీలులేని ఇళ్లలో, దానిపై నిలిపే కమోడ్ కుర్చీలు వైద్యపరికరాల దుకాణాలలో దొరుకుతాయి.

వేడినీళ్లు, కరెంటు

వేడినీళ్లు మెడనుంచి క్రిందిభాగానికి బలాన్నిస్తాయని, తలమీద పోసుకుంటే కేశాలకు, కళ్లకు బలం తగ్గుతుందని అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయం చెబుతున్నది. తలకు గోరువెచ్చని నీరే వాడాలి. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే వృద్ధుల చర్మాన్ని తీవ్రంగా కాల్చగలదు. గీజరు మీటను 50 డిగ్రీలకు మించనివ్వకండి. బకెట్టులో ముందు చన్నీళ్లు పట్టి, తరువాత వేడినీళ్లు కలపాలి. మధుమేహం ఉన్నవారు పాదంతో కాక మోచేతితో వేడి చూసుకోవాలి.

నీళ్లలో పెట్టే హీటరు కడ్డీని వృద్ధుల స్నానాల గదిలో అసలు వాడకండి. తప్పనిసరైతే వేరొకరు, వేరొకచోట కాచి, స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీళ్లు తేవాలి. గీజరున్న ఇంటికి కరెంటు లీకైన వెంటనే సరఫరాను ఆపివేసే పరికరం, 30 మిల్లీఆంపియర్లది, ఎలక్ట్రీషియనుచేత పెట్టించండి. గ్యాసు గీజరును స్నానాల గది లోపల ఉంచరాదు. దానినుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మూసిన గదిలో స్పృహ తప్పి ప్రాణం పోయే ప్రమాదమున్నది.

రాత్రివేళ

మంచంనుంచి కమోడు వరకు దారిలో వెలుతురు ఉండాలి. పాతకాలపు జీరో బల్బు స్థానంలో ఇప్పుడు అతి తక్కువ కరెంటు తీసుకునే చిన్న దీపాలు వస్తున్నాయి. రాత్రంతా వెలగనివ్వండి. స్విచ్చి గది బయట, చేతికందేచోట ఉండాలి. కరెంటు పోయినప్పటికోసం మంచం ప్రక్కన టార్చి ఉంచండి. దారిలో స్టూళ్లు, వైర్లు, నీళ్ల బిందెలు ఉండకూడదు.

మెలకువ రాగానే లేచి నడవరాదు. ముందు పడుకునే పాదాలను పదిసార్లు పైకి క్రిందికి ఆడించాలి. తరువాత లేచి మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలి. నిలబడి, కళ్లు తిరగడంలేదని చూసుకుని అడుగు వేయాలి. మగవారు కూడా రాత్రివేళ కూర్చునే మూత్రవిసర్జన చేయడం మంచిది. రాత్రి లేవవలసి వస్తుందని నీళ్లు మానకూడదు. పగలు ఎక్కువగా తాగి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గిస్తే చాలు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో వైద్యుని అడిగి పాటించాలి. మాత్రలు వేసుకున్నాక తూలుతున్నట్లుంటే వాటిని సొంతంగా మానక, వైద్యునికి ఆ సంగతి తెలియజేయండి.

తలుపు, గడియ

మా ఇంట అన్నిటికంటె ఎక్కువ చర్చ జరిగింది దీనిమీదే. గడియ వద్దన్నాను నేను. గడియ లేకుండా స్నానమేమిటన్నది అమ్మ. ఆమె మాటలో న్యాయమున్నది. చివరికి లోపల వేసుకున్నా బయటనుంచి నాణెంతో తిప్పి తీయగల తాళం పెట్టించాము. మరుగు ఆమెకు దక్కింది, ధైర్యం నాకు దక్కింది. తలుపు బయటికి తెరుచుకునేటట్లు మార్పించాము. లోపలికి తెరుచుకునే తలుపైతే, పడినవారి శరీరమే దానికి అడ్డుపడుతుంది. కూర్చున్నచోటునుంచి, నేలమీదనుంచి కూడా అందేటట్లు త్రాడు కట్టి ఒక చిన్న గంట వ్రేలాడదీశాము.

అభ్యంగనం మానవద్దు, పద్ధతి మార్చండి

అమ్మ పడిన తరువాత చాలామంది బంధువులు నూనె మాన్పించమన్నారు. నేను అంగీకరించలేదు. అభ్యంగనం జరను, శ్రమను, వాతాన్ని పోగొడుతుందని, తలకు, చెవులకు, పాదాలకు ముఖ్యంగా చేయాలని శాస్త్రం చెప్పింది. తప్పు నూనెది కాదు. నూనె పాదాలతో నడిపించిన నాది. ఇప్పుడు మేము అనుసరిస్తున్న పద్ధతి ఇది.

మర్దన తెల్లవారుజామున కాక, వెలుతురు వచ్చిన తరువాత, ఆకలి పుట్టే వేళకు ముందు చేస్తాను. అజీర్ణం, కఫం, జ్వరం ఉన్ననాడు మానేస్తాము. స్నానాల గదిలో కాక, పడకగదిలో పాత దుప్పటి పరచి, కుర్చీలో కూర్చోబెట్టి చేస్తాను. అరికాళ్లకు నూనె స్నానానికి ముందు రాయను. రాత్రి పడుకోబోయేటప్పుడు కొద్దిగా రాసి, ఇంకిన తరువాత పొడిగుడ్డతో తుడిచి, అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్లు తొడుగుతాను. ఉదయం అరగంట ఆగి, కారిన నూనెను పాదాలనుంచి శనగపిండితో రుద్ది, తుడిచి, అప్పుడు లేవనిస్తాను. కుంకుడు రసం, సున్నిపిండి ఆమె స్టూలుమీద కూర్చున్నాకే అందిస్తాను. కుంకుడు నురుగు సబ్బు నురుగులాగే జారుతుంది. స్నానం కాగానే ఆమె కూర్చుని ఉండగానే నేలమీద పుష్కలంగా నీళ్లు పోసి జిడ్డు పోగొట్టి, తుడిచి, ఆ తరువాత చేయి అందిస్తాను. మధ్యాహ్నం వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, కొబ్బరిపీచుతో నేలను రుద్ది కడిగిస్తాను.

కాళ్ల బలానికి, వైద్యుని అనుమతితో, రోజుకు రెండుపూటలా గట్టి కుర్చీలోనుంచి అయిదారుసార్లు లేచి కూర్చోవడం అలవాటు చేశాము. ఏడాదికొకసారి కళ్లు పరీక్ష చేయిస్తున్నాము.

ఒకవేళ పడితే

కంగారుపడి చేతులు పట్టి లాగి లేపకండి. ముందు మాట్లాడించండి. తొడదగ్గర తీవ్రమైన నొప్పి, ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉండటం తుంటి ఎముక విరిగినదనడానికి గుర్తులు. అటువంటప్పుడు కదపకుండా, దుప్పటి కప్పి, 108కి ఫోను చేయండి. ఎక్స్‌రే తీయకముందు మర్దన, కాపడం, నాటుకట్టు కూడదు. తలకు దెబ్బ తగిలినవారు, ముఖ్యంగా రక్తం పలచబడటానికి మందులు వాడేవారు, బాగానే ఉన్నట్లు కనిపించినా ఆసుపత్రికి వెళ్లి తీరాలి. దెబ్బ తగలకపోయినా ఎందుకు పడ్డారో వైద్యునిచేత పరీక్ష చేయించండి. ఒకసారి పడినవారు మరల పడే అవకాశం ఎక్కువ.

మా ఇంట కడ్డీలు, స్టూలు, చేతి షవరు, తాళం, దీపాలు, మేస్త్రీ కూలి అన్నీ కలిపి అయిన ఖర్చు, అమ్మ చికిత్సకు అయినదానిలో చిన్న భాగం మాత్రమే. అదే పని ఒక నెల ముందు చేసి ఉండవచ్చు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ వారంలో ఒకరోజు, నేల పొడిగా ఉన్నప్పుడు, మీ అమ్మగారి చేతికో నాన్నగారి చేతికో సుద్దముక్క ఇచ్చి, వారివెంట స్నానాల గదిలోకి వెళ్లండి. వారు గీసినచోటల్లా ఆసరా ఏర్పాటు చేయండి. వారు చెప్పేది వినండి. ఇంతకుముందు ఎన్నిసార్లు జారారో నెమ్మదిగా అడగండి.

2023 శ్రావణమాసంలో మొదటి శుక్రవారం అమ్మ తలంటుకుని, తనంతట తానే స్నానం ముగించి, గడియ తీసుకుని బయటికి వచ్చింది. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. “ఇంకా ఇక్కడే ఉన్నావేమిటే? పొయ్యి వెలిగించు, పూర్ణాలకు ప్రొద్దుపోతోంది” అన్నది. రాత్రి పడుకోబోయే ముందు ఆమె మంచం ప్రక్కన నీళ్ల చెంబు పెడుతున్నాను. తెల్లవారేసరికి అది సగం ఖాళీగా ఉంటున్నది.